మొదటి అక్షరం వాళ్లది, చివరిది మాది

మా అబిగయీలుకు కొడుకు పుట్టాడని నర్సు చెప్పగానే, బిడ్డ ఏడ్చాడా అని అడిగాను. ఏడ్చాడంది. లోపలి నుంచి ఆ ఏడుపు వినిపించగానే, ఇంత గట్టిగా ఏడుస్తున్నాడేమిటి, ఏమైనా నొప్పేమోనని భయపడ్డాను.

"ఏడవకపోతే భయం, ఏడిస్తే భయం. నీతో ఎట్టా ఏగేది మగ్దలీనమ్మా?" అన్నాడు మా ఆయన జకరయ్య. అంటూనే తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

నా అసలు భయం పేరు దగ్గర ఉంది. మాది కోట అనే ఊరు. రొయ్యల గుంటలకు ఆనుకున్న చర్చి వీధిలో ఉంటాం. అల్లుడు నరేంద్రబాబు వాళ్లది వెంకటాచలం దగ్గర వరి పండించే కుటుంబం, హిందువులు. పిల్లలిద్దరూ రిజిస్టరు పెళ్లి చేసుకున్నప్పటి నుంచి వియ్యంకుడు వెంకయ్య గారు మా గడప తొక్కలేదు, నా కూతురిని తన గడప తొక్కనివ్వలేదు. అలాంటి మనిషి బిడ్డ పుట్టాడని తెలిసి తానే ఫోన్ చేశారు.

"పేరు పెట్టే రోజుకు మేం వస్తాం చెల్లెమ్మా" అన్నారు.

చెల్లెమ్మా అన్నారు! నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఫోన్ పెట్టేసిన వెంటనే భయం పట్టుకుంది. వచ్చి, పేరు దగ్గర మాటా మాటా పెరిగి, లేచి వెళ్లిపోతే? మళ్లీ వస్తారా? నా కూతురు ఇక ఆ ఇంటి కోడలు అవుతుందా?

వాళ్లలో నక్షత్రాన్ని బట్టి పేరుకు మొదటి అక్షరం వస్తుంది. బిడ్డది అనూరాధ రెండో పాదం, 'ని' రావాలని అల్లుడు చెప్పాడు. మా పుట్టింటి పట్టింపు పేరు చివర ఉంటుంది, 'లు' గానీ 'ల్' గానీ రావాలి. తాత సమూయేలు, నాన్న గమలీయేలు, అన్న దానియేలు. నా ఒక్కదానికే మేనత్త పట్టుబట్టి మగ్దలీనమ్మ అని పెట్టించింది. ఏ జ్వరం వచ్చినా ఆ చివరి అక్షరం లేనందుకే వచ్చిందనుకుంటూ పెరిగాను. అది లేకుండా మనవణ్ణి లోకంలోకి పంపడం నా వల్ల కాదు.

నా గొణుగుడు వినలేక అబిగయీలే దారి చెప్పింది. "మొదటిది వాళ్లు పెట్టుకుంటారు, చివరిది నువ్వు పెట్టుకో. సరిపోయిందా?"

ఆ మాట నరేంద్రబాబు తండ్రి చెవిన వేశాడు. తిట్లు వస్తాయని నేను ఫోన్‌కు దూరంగా నిలబడ్డాను. అవతల పెద్ద నవ్వు వినిపించింది. "అట్టయితే పోటీ గదా ఇది! ఎవురు ముందు కనిపెడతారో చూద్దాం!"

ఇక మా ఇంట్లో సందడే సందడి. పక్కింటి మస్తాన్‌బీ నబీల్ అంది. 'ని' కావాలని నేనంటే ఇంటికి వెళ్లి, పప్పు మాడిపోతున్నా పట్టించుకోకుండా మళ్లీ వచ్చి నిహాల్ అంది. "మా ఉర్దూలో ఎక్కువగా సంతోషపడితే నిహాల్ అయిపోయినాడు అంటాంలే అక్కా" అని చెప్పింది. గుంటల దగ్గర పనిచేసే బెంగాలీ అతను గేటు బయట నుంచే నిర్మల్ అని అరిచి పోయాడు. పాస్టరు గారు నతనయేలు అన్నారు.

"'ని' రావాలి అయ్యగారూ."

"అయితే దొరల్లో నీల్ అని ఉందమ్మా, చూసుకో."

అంత చిన్న పేరు బడిలో పిలిస్తే గాలికి కొట్టుకుపోతుందేమోనని నాకు దిగులు. నర్సు ఉష నిఖిల్ అంది. మా వీధిలో ఉన్న నిఖిల్ మొన్ననే బండి మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. వెంకయ్య గారైతే పొద్దున్నే ఫోన్. "చెల్లెమ్మా! నిత్తిల్! మిల్లు కాడికొచ్చే తమిళ డ్రైవరు చెప్పినాడు. ముత్యం అని అర్థమంట!" పెళ్లయ్యాక మాతో ఒక్క మాట కూడా మాట్లాడని మనిషి, రోజూ ఇలా!

ఇరవయ్యొకటో రోజు వాళ్లు వచ్చారు. వియ్యపురాలు ఆదిశేషమ్మ తమ పొలంలో పండిన బియ్యం తెచ్చి ఇత్తడి పళ్లెంలో పరిచింది. పాస్టరు గారు ప్రార్థన చేశారు. బియ్యంలో పేరు రాయడమే మిగిలింది.

"ఊఁ, చెప్పండి. ఏం పేరు ఎంచినారు?" అన్నారు వెంకయ్య గారు.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన అల్లుడి వైపు చూశాడు.

"మీ వంశం బిడ్డ గదన్నా, మీరే ఎంచుకోని వస్తారనుకుంటిమి" అన్నాను.

"పురుడు మీ ఇంట్లో గదమ్మా! పేరు పెట్టే మర్యాద మీదని మేం నోరు మూసుకోనుంటిమి!"

ఊరంతా తిరిగి పేర్లు పోగుచేశాం. ఎదుటివాళ్లను నొప్పించకూడదని ఎవరికి వాళ్లం తేల్చకుండా వదిలేశాం. అయిపోయింది, ఇప్పుడు లేస్తారు, చెప్పులు వేసుకుంటారు అనుకున్నాను.

ఆదిశేషమ్మ లేవలేదు. పళ్లెం ముందుకు లాక్కుని, వేలితో 'ని' అని రాసి, పళ్లెం నా వైపు తిప్పింది.

"నీ అక్షరం నువ్వు రాయి వదినా. నడిమిది కన్నోళ్ల ఇష్టం."

మధ్యలో చోటు చాలదేమోనని పళ్లెం అంచుదాకా జరిగి 'ల్' రాశాను.

"ఖి పెట్టండి!" అంది బిడ్డను చూడ్డానికి వచ్చిన నర్సు ఉష. "త్తి! త్తి!" అని వెంకయ్య గారు కేకేశారు. అబిగయీలు మొగుడి ముఖం చూసింది. అతను నవ్వి తల ఊపాడు. ఇద్దరూ వేళ్లు కలిపి మధ్యలో 'హా' రాశారు.

"నిహాల్! నేను చెప్పిందే!" గుమ్మంలో మస్తాన్‌బీ గంతేసింది.

వెంకయ్య గారు ఆ బియ్యం వంక చూశారు.

"నా ముత్యం పోయిందే" అని బిడ్డను ఒళ్లోకి తీసుకుని, చెవిలో ఆ పేరు చెప్పారు. ఒకసారి చెప్పి ఊరుకోలేదు, చెబుతూనే ఉన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "మూడో నెల రాంగానే కోడలినీ బిడ్డనూ మనింటికి తీసకపోతాం చెల్లెమ్మా, కారు పంపిస్తా" అన్నారు.

కోడలు అన్నారు! ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పైట చెంగుతో ముఖం తుడుచుకుని అన్నాను.

"కారులో ఏసీ ఎక్కువ పెట్టబాకండన్నా, బిడ్డకు జలుబు చేస్తుంది."