చివరి గుడారానికి రెండు రోజులు ఆలస్యం

ఎర్రమున్ ముందుగా మాటలు మానేసింది మనుషులతో కాదు, తన కుక్కతో. ఆ సంగతి బెట్టిరి మా వంటింట్లో నిలబడి చెప్పాడు. గొర్రెల కాపరి కుక్కతో మాట్లాడటం మానేశాడంటే ఏమవబోతోందో స్పెయిన్, ఫ్రాన్సు సరిహద్దు కొండల నుంచి వచ్చిన మా బాస్క్ వాళ్ళలో పిల్లలకి కూడా తెలుసు. అంతకుముందు ఏడే ఒకణ్ణి చేతులు కట్టి రైలెక్కించారు, పిచ్చాసుపత్రికి. వెనక్కి రాలేదు.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. అమెరికాలో, నెవాడా రాష్ట్రంలో, స్టేషనుకి ఎదురుగా కట్టలిన్ అమ్మగారి పూటకూళ్ళ ఇంట్లో వంట చేసేదాన్ని. చలికాలమంతా కాపరులు మా ఇంట్లోనే ఉండేవారు. పొడవాటి బల్ల, చుట్టూ ముప్ఫైమంది, పేకాట, మటన్ పులుసు, ఒకరి మాట ఒకరికి వినబడని గోల. మే నెల రాగానే ఒక్కొక్కడూ రెండు వేల గొర్రెల్ని తోలుకుని ఒంటరిగా కొండెక్కేవాడు. ఇక అక్టోబరు దాకా వాడికి మనిషి మొహం కనబడేది పదిరోజులకి ఒకసారి, కంచరగాడిదల మీద సరుకులు తెచ్చే క్యాంపు మనిషి వచ్చినప్పుడే.

బెట్టిరి, ఎర్రమున్ ఒకే ఊరివాళ్ళు. ఇద్దరి బట్టలూ ఒకే పెట్టెలో సర్దుకుని ఒకే ఓడలో వచ్చారు. బెట్టిరి పొట్టివాడు, నిదానస్తుడు. ఎర్రమున్ గుమ్మంలో తల వంచి రావలసినంత మనిషి, మొదటి చలికాలంలో అతను పాట ఎత్తుకుంటే బల్ల మీద గ్లాసులు అదిరేవి. మూడో చలికాలానికి గోడవైపు తిరిగి కూర్చుని తినడం మొదలెట్టాడు.

బెట్టిరి యజమాని దగ్గరికి వెళ్ళాడు.

"మా ఇద్దర్నీ ఒకే మందకి పెట్టండయ్యా."

"గొర్రెలకి ఒకడు చాలు. కబుర్లకైతే ఇద్దరు కావాలి. నేను పెట్టుకున్నది గొర్రెల్నిరా, కబుర్లని కాదు," అన్నాడట యజమాని.

అందుకని బెట్టిరి తన మంద వదిలేసి క్యాంపు మనిషి పని అడిగి పుచ్చుకున్నాడు. పదిరోజులకి ఒకసారైనా స్నేహితుణ్ణి చూసుకోవచ్చునని. కొండ మీద నాలుగు గుడారాలు. మొదటిది ఎర్రమున్‌ది, చివరిది మనెష్ తాతది. మనెష్ అరవై దాటిన మనిషి, ఇరవై ఆరు వేసవులు ఆ కొండల మీదే గడిపాడు. ఎప్పుడూ ఏదీ కావాలనేవాడు కాదు. బెట్టిరి చేత నాకు ఎత్తిపొడుపులు మాత్రం పంపేవాడు: "ఆ గాషితో చెప్పు, ఈసారి చిక్కుళ్ళలో రాళ్ళు తక్కువయ్యాయి. నా పళ్ళకి పనే లేదు."

జూన్ చివర బెట్టిరి దిగివచ్చి గోడకి చేరగిలబడ్డాడు. "గాషీ, నేను బయల్దేరుతుంటే వాడు గాడిద కళ్ళెం పట్టుకుంటున్నాడు. ఏమీ అనడు. పట్టుకుని నిలబడతాడంతే. ఇంకో నెల ఇలాగే ఉంటే వాణ్ణి కూడా కట్టేసి రైలెక్కిస్తారు."

"అయితే రెండ్రోజులు వాడి దగ్గర ఉండిపో," అన్నాను.

"మిగతా ముగ్గురో?"

"వాళ్ళకేం, ఆకలితో చచ్చిపోతారా? నేను అందరికీ పిండి ఎక్కువ కడతాలే. ఎవరు చూడొచ్చారు?"

ఆ మాట అన్నది నేనే. బెట్టిరి అడగలేదు కూడా.

వెళ్ళినప్పుడల్లా రెండ్రోజులు ఉన్నాడు. మొదటిసారి ఎర్రమున్ ఒక్క ముక్క మాట్లాడలేదు. రెండోసారి కుక్కని పేరు పెట్టి పిలిచాడట. మూడోసారి ఇద్దరూ నిప్పు ముందు కూర్చుంటే పాడాడట, సగం పాటే అనుకోండి. ఆ కబురు చెబుతూ బెట్టిరి నవ్వాడు. నేను ఆ పూట పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాను, కట్టలిన్ అమ్మగారి చేత తిట్లు తిన్నాను, అయినా నాకు గాల్లో తేలుతున్నట్టే ఉంది. ఒక మనిషిని నిలబెట్టాను కదా.

ఆగస్టులో మనెష్ తాత రాళ్ళ మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. క్యాంపు మనిషి రావలసిన రోజుకి ఇంకా రెండు రోజులే ఉన్నాయి. పాక్కుంటూ గుడారంలోకి చేరి పడుకున్నాడు. బెట్టిరి చేరేసరికి అలా పడుకుని నాలుగు రోజులయింది.

అతన్ని గాడిద మీద కట్టి దించుకొచ్చి మా మేడ మీద గదిలో పడుకోబెట్టారు. డాక్టరు దుప్పటి ఎత్తి చూశాడు, మళ్ళీ కప్పేశాడు. మెట్ల మీద కట్టలిన్ అమ్మగారితో చెబుతుంటే విన్నాను: "రెండు రోజుల ముందయితే కాలు తీసేసి మనిషిని దక్కించేవాణ్ణి."

మూడు రోజులు బతికాడు. పులుసు చెంచాతో నేనే పట్టేదాన్ని.

"ఆ కుర్రాణ్ణి ఏమీ అనకండే. గాడిదలు మొండికేసి ఉంటాయి," అన్నాడు.

"గాడిదలు కాదు తాతా," అని మొత్తం చెప్పేశాను. ఎర్రమున్ సంగతి, రెండ్రోజుల సంగతి, నేనన్న మాట. కళ్ళు మూసుకుని విన్నాడు.

"పాడాడా?"

"పాడాడట."

"పదో రోజు దాటినప్పుడల్లా నా లెక్కే తప్పిందనుకున్నా. వయసు మీదపడింది కదా, ఒక రోజు రెండుసార్లు లెక్కపెట్టి ఉంటాననుకున్నా," అన్నాడు. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

అక్టోబరులో మందలు దిగాయి. ఎర్రమున్ గడ్డం గీసుకుని, మనిషిలా వచ్చాడు. నన్ను చూసి "ఏమే గాషీ, ఇంకా పెళ్ళి కాలేదా నీకు?" అన్నాడు. ఎన్నాళ్ళకి ఆ గొంతు. మనెష్ పోయాడని ఎర్రమున్‌కి తెలుసు, ఎలాగో తెలియదు. ఆ సాయంత్రం వెనక అరుగు మీద బెట్టిరే చెప్పాడు. నేను తీగ మీద బట్టలు తీస్తున్నాను.

ఎర్రమున్ తన చేతులు చూసుకున్నాడు.

"ముసలాడు అక్కడ ఎదురుచూస్తుంటే నేను నిప్పు ముందు కూర్చుని పాడానట్రా?"

"నీకేం తెలుసురా అప్పుడు. ఉన్నది నేను."

"నా కోసం కదా ఉన్నావు."

"మరి ఎవరి కోసం ఉంటాను?"

"అదేరా," అన్నాడు ఎర్రమున్. "నిన్ను చూస్తే ఇక నాకు ముసలాడే కనబడతాడు."

నేను కల్పించుకుని, ఉండమన్నది నేనే అన్నాను. ఇద్దరూ నావైపు చూశారు. నా మాట వాళ్ళ మధ్య ఎక్కడా పట్టలేదు.

ఆ చలికాలం ఒకడు బల్లకి ఈ చివర, ఒకడు ఆ చివర. బెట్టిరి రొట్టె అందిస్తే ఎర్రమున్ తీసుకునేవాడు, తల ఎత్తేవాడు కాదు. మే నెలలో ఎర్రమున్ మనెష్ గుడారం కావాలని అడిగాడు. అంత దూరం వెళ్తానని ఎవరూ అడగరు, యజమాని సంతోషంగా ఇచ్చాడు. బెట్టిరి పక్క రాష్ట్రం ఇడాహోలో ఇంకెవరి దగ్గరో పని వెతుక్కున్నాడు. ఇద్దరి బట్టలూ ఉన్న పెట్టె ఎవరు తీసుకోవాలో తేలక మా ఇంట్లోనే వదిలేశారు.

జూలై చివర కొత్త క్యాంపు మనిషి ఎర్రమున్‌ని దించుకొచ్చాడు. కట్టవలసిన అవసరం లేకపోయింది. ఎవరు ఎక్కడ కూర్చోబెడితే అక్కడే కూర్చున్నాడు. నేను రొట్టె, చీజు మూటకట్టి స్టేషను దాకా వెళ్ళాను. మూట ఒళ్ళో పెడితే పెట్టించుకున్నాడు. రైలు కదిలినా నావైపు చూడలేదు.

డిసెంబరులో బెట్టిరి వచ్చాడు. సంగతి దారిలోనే విన్నాడు. పులుసు వడ్డించాను.

"నా గురించి అడిగాడా గాషీ?"

అడిగాడని చెప్పొచ్చు. ఎవరు చూడొచ్చారు? నోటి దాకా వచ్చింది.

"లేదు," అన్నాను. "ఎవరి గురించీ అడగలేదు."

తల ఊపి, పులుసులో రొట్టె ముంచుకుని తినడం మొదలెట్టాడు. బల్ల దగ్గర గోల గోలగా ఉంది. గిన్నె ఖాళీ అయ్యాక మళ్ళీ వడ్డించాను. వద్దనలేదు.