అల్లుడి వరుస

పెద్ద వరద గట్టు తెంచుకుని వచ్చి పొలాల్లో ఇసుక మేట వేసిపోయాక అది రెండో ఏడు. మంచు ఇంకా ఆకుల మీదే ఉంది. వదిన అప్పటికే మడిలో నడుం వంచి ఉంది. ఒక చేతిలో సబ్బునీళ్ల బకెట్టు. రెండో చేత్తో ఆవమొక్కని మెడ పట్టుకున్నట్టు పట్టుకుని, బకెట్టు మీదికి వంచి ఒక్క కుదుపు కుదుపుతోంది. ఆకుపచ్చ పురుగులు సన్నటి దారాలు వదులుతూ జారి నీళ్లలో పడుతున్నాయి. మొక్కని మళ్లీ నిలబెట్టి ముందుకో అడుగు. వరుస చివరిదాకా అంతే.

మరిది కొడవలి పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. మడంతా క్యాబేజీ. మధ్య మధ్య ఒక్కో ఆవాల వరుస, రోడ్డు వైపు అంచున మరొకటి. క్యాబేజీ నిండుగా ఉంది. ఆవాలే చూడలేనట్టు ఉన్నాయి. ఆకు తినేసి ఈనెలు మిగిల్చాయి పురుగులు. ఆ రోజు మార్కెట్ దళారి పంట చూడటానికి వస్తున్నాడు. వరద ఏటి పంట ఇసుక కిందికి పోయింది. ఇదీ అమ్ముడుపోకపోతే కౌలు మడి వదులుకోవడమే.

"వదినా, రోడ్డు వైపు ఆవాలు కోసిపారేస్తాను. ఈ అవతారం చూస్తే ఆయన బండి కూడా దిగడు."

"కొయ్యి. కోసి, ఈ రెక్కల పురుగులన్నిటికీ క్యాబేజీలోకి దారి చూపించు."

"పక్క మడాయన పురుగుమందు కొట్టుకుంటున్నాడు. హాయిగా ఉన్నాడు."

"మొన్న కొట్టాడు, నిన్నా కొట్టాడు. ఆయన పురుగులకి మందు అలవాటైపోయింది, నీకు టీ అలవాటైనట్టు."

"నీళ్లు పెట్టి, ఎరువేసి పురుగుల్ని మేపడం నీ దగ్గరే చూశాను."

"అల్లుడి వరుసరా అది. అల్లుడిని ముందుగదిలో కూర్చోబెట్టి కడుపునిండా పెడితే వంటింట్లోకి తొంగిచూడడు."

అతను కొడవలి కింద పెట్టాడు. ఆమెతో మాటల్లో గెలిచింది ఎప్పుడని?

ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి అతనికి లాగు బొత్తాలు పెట్టుకోవడం రాదు. అన్న చిన్న వయసులోనే జ్వరంతో పోయాడు. మరిదికి పెళ్లి చేసింది వదినే. ఆ పిల్ల జబ్బుపడి మంచంలో ఉన్నన్నాళ్లూ చూసుకుని, చివరికి కాటికి సాగనంపిందీ వదినే. ఆ తర్వాత ఇంట్లో మిగిలింది వాళ్లిద్దరూ, ఈ మడీ.

ఆవాల సంగతి పొరపాటుగా మొదలైంది. క్యాబేజీ గింజా ఆవగింజా చూడటానికి ఒక్కలాగే ఉంటాయి. కొత్త కోడలు వంటింటి డబ్బాలో ఆవాలు తెచ్చి విత్తనాల డబ్బాలో పోసేసింది. నారు మొలిచాక అన్న మండిపడ్డాడు, అన్నీ పీకెయ్యమన్నాడు. కూరకి పనికొస్తాయని ఈవిడ కొన్ని దాచుకుంది. ఆ ఏడు బూడిదరంగు రెక్కల పురుగులు క్యాబేజీని వదిలేసి ఆ కాసిని ఆవమొక్కల మీదే వాలడం ఆమె ఒక్కతే గమనించింది. ఎవరికీ చెప్పలేదు. పై ఏడు కావాలనే పొరపాటు చేసింది.

మధ్యాహ్నం దళారి వచ్చాడు. మెడలో చేతిరుమాలు, ఊగే బొజ్జ. రోడ్డు మీదే ఆగి ఆవాల వంక చూశాడు. మొహం మాడిపోయింది.

"ఏంటక్కా, తోటంతా పురుగుకే రాసిచ్చేశావా?"

"పురుగుకి ఇవ్వాల్సింది ఇచ్చేశాను తమ్ముడూ. నీకివ్వాల్సింది లోపలుంది. రా."

వచ్చాడు. ఒక క్యాబేజీ గడ్డ దగ్గర గొంతుక్కూర్చుని పై ఆకులు విప్పాడు. వేళ్లతో కొట్టి చూశాడు. గట్టిగా మోగింది. ఇంకోటి చూశాడు. మడి మధ్యకి పోయి అక్కడా చూశాడు. పై ఆకుకి ఎక్కడో ఒకటీ అరా చిల్లు, అంతే. మరిది వెనకాలే తిరుగుతున్నాడు.

"మరి ఇదేం వరుసక్కా?" అన్నాడు దళారి ఆవాలు చూపించి.

"అల్లుడి వరుస."

సంగతి విని దళారి బొజ్జ పట్టుకుని నవ్వాడు. "నాకూ ఇద్దరున్నారక్కా. వాళ్లు వంటిల్లు కూడా వదల్లేదు!" వెళుతూ వెళుతూ అన్నాడు. "మడంతా నాదే. ఇంకెవరికీ చూపించకు. కానీ కోతదాకా గడ్డ ఇలాగే ఉండాలి."

బండి మలుపు తిరిగాక వదిన ఒక ఆవాకు తుంచి వేళ్ల మధ్య నలిపి చూసింది. "ముదిరిపోతోంది. ఇంక అల్లుళ్లకి రుచించదు, అలుగుతారు. రేపు పొద్దున్నే కొత్త వరుస వేసెయ్యాలి."

పొద్దు వాలింది. "నువ్వెళ్లి మోటారు ఆపి రా, నాకిక్కడ కాస్త పనుంది," అంది.

అతను తిరిగొచ్చేసరికి గట్టుకి ఆనుకుని కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో ఉన్నాయి, మట్టి ఇంకా తడిగానే ఉంది. మొహం మడి వైపు. పంట చూసుకుంటోందనుకున్నాడు. పక్కనే కూర్చున్నాడు. పొగిడే నోరు కాదు అతనిది. అయినా ఎలాగో ఓ మాట కూడదీసుకున్నాడు.

"ఆయన మొహం వెలిగిపోయింది వదినా. నీదే గెలుపు."

ఆమె పలకలేదు. మాటకి మాట ఇవ్వకుండా ఆమె ఊరుకున్న రోజంటూ లేదు. అతను మెల్లగా ఆ చేతిని ముట్టుకున్నాడు. అది ఒళ్లోంచి జారి పక్కకి వాలిపోయింది.

తెల్లవారేసరికి ఇంటినిండా జనం. కాస్త పొద్దెక్కాక వదినని తీసుకెళదామని పెద్దలు మాట్లాడుకుంటున్నారు. అతను లేచి వంటింట్లోకి పోయి గుప్పెడు ఆవాలు తీసుకుని బయటికి నడిచాడు. ఏడవడానికి పోతున్నాడనుకుని ఎవరూ అడ్డుపడలేదు.

మడిలో, ముదిరిన వరుస పక్కనే, ఈ చివర నుంచి ఆ చివరికి పురికొస కట్టి ఉంది. రెండు కర్ర మేకులు, మధ్య తిన్నగా సాగిన పురికొస. నిన్న సాయంత్రం అతను మోటారు దగ్గరికి పోయినప్పుడు ఆమె చేసిన పని అది.

అతను మోకాళ్ల మీద కూర్చున్నాడు. పురికొస కిందనే వేలితో గాడి తీసి, ఆవాలు రాల్చి, మట్టి కప్పుకుంటూ చివరిదాకా పోయాడు. దోసిళ్లతో నీళ్లు తెచ్చి పోశాడు. లేచి ఇంటి దారి పట్టాడు. మేకులు పీకలేదు.

రోడ్డు వైపు మేకుకి వదిన వేసిన ముడి, మంచుకి తడిసి ఇంకా బిగుసుకుని ఉంది.