లోపలి ఎరుపు

బాలచంద్ర తెచ్చింది మోటారుబండి కాదు, దాని తొడుగులు మాత్రమే. హెడ్‌లైటు చుట్టూ ఉండే డూమ్, రెండు పక్కల ప్యానెళ్ళు. అన్నీ ఎరుపే. డూమ్‌కు ఎడమవైపు జానెడు పగులు.

"వానలో జారిపడినానన్నా. నల్లగా కొట్టెయ్."

కాంట్రాక్టరు దేవరాజులు కొడుకు వాడు. యాడ పడినాడో మనకెందుకులే అనుకున్నాడు సుకుమార్.

నాయుడుపేట దగ్గర ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్ళు రంగు కొట్టాడు సుకుమార్. ముక్కుకు సరైన మాస్కు ఇమ్మని నలుగురిని కూడగట్టినందుకు గేటు బయట నిలబెట్టారు. అప్పటినుంచి కార్వేటినగరంలో ఇంటి వెనకే పని.

ముందు సబ్బునీళ్ళతో కడిగాడు. జిడ్డుంటే రంగు పొట్టులా లేచిపోతుంది. తర్వాత తడి ఎమెరీ కాగితం పట్టాడు. పగులు పక్కన ఎరుపు మీద ఆకుపచ్చ చారలు అంటుకుని ఉన్నాయి. అరగంట రుద్ది పోగొట్టాడు. పచ్చటి నీళ్ళు కాలవలో కలిశాయి. చెయ్యి పని చేసింది, బుర్ర పని చేయలేదు.

పగులు అతికించి, పుట్టీ పెట్టి, దుమ్ము లేవకుండా నేల మీద నీళ్ళు చల్లి, పెళ్ళాం కోమలి పాత చీరను తెరగా కట్టాడు. తొడుగుల్ని బట్టల తీగకు వేలాడదీసి అడుగుపూతగా ప్రైమర్, రెండు పూతలు నలుపు, పైన మెరుపుకు లక్కర్ కొట్టాడు. అద్దంలా వచ్చింది.

మూడోరోజు పొద్దున బాలచంద్ర చూసుకోవడానికి వచ్చాడు. డూమ్ తిప్పి మొహం మాడ్చుకున్నాడు.

"లోపల ఎర్రగానే ఉండాదే? లోపల గూడా కొట్టన్నా. ఎరుపు యాడా కనపడకూడదు."

"లోపల ఎవురు సూస్తారప్పా?"

"సూసేటోళ్ళు సూస్తారు. సాయంత్రానికి కావాల."

వాడు పోయాడు. సుకుమార్ చేతిలో డూమ్ బరువెక్కింది. ఇన్నేళ్ళ పనిలో లోపల రంగు కొట్టమన్నవాడు ఒక్కడూ లేడు. లోపలి ప్లాస్టిక్ ఏ రంగుదైతే ఆ రంగే. దాన్ని దాచాలంటే దాచాల్సింది ఇంకేదో ఉంది.

వరండాలో మంచం మీద మామ కుప్పయ్య మూలిగాడు. ఇరవై రోజుల కింద పుత్తూరు దారిలో ఏదో ఎర్రబండి గుద్ది ఆగకుండా పోయింది. తొడ ఎముక విరిగింది, సైకిలు తుక్కయింది. "ఎర్రబండ్లు వెయ్యి ఉండాయి. ఏ బండో సూపించు, కేసు కడతాం" అని స్టేషన్లో తిప్పి పంపారు.

మామ సైకిలు ఆకుపచ్చ.

"కోమలీ," అన్నాడు సుకుమార్. "మీ నాయనను గుద్దిన బండి తొడుగు మనింట్లోనే ఉండాది. నేనే శుభ్రంగా రుద్ది పెట్టినాను."

కోమలి ఏడవలేదు. చీరతెర విప్పి డూమ్‌కు చుట్టింది. "పద."

స్టేషన్లో ఎస్సై అటూ ఇటూ తిప్పి చూశాడు.

"లోపల ఎరుపు సరే. దెబ్బ యాడ? సైకిలు పెయింటు యాడ?"

"రుద్దేసినాను సార్. తెలీక."

"అంటే సాక్ష్యం తుడిచింది నువ్వు! బాలచంద్ర మీద కాదప్పా, కేసు నీ మీద కట్టాల."

"లోపల కొట్టమన్నాడు సార్! ఎందుకు కొట్టమన్నాడో అడగండి!"

"ఆయప్ప దుడ్డు, ఆయప్ప బండి, ఆయప్ప ఇష్టం." ఎస్సై డూమ్‌ను వెనక్కి నెట్టాడు. "లోపల గూడా కొట్టి ఇచ్చేయ్. ఫినిషింగ్ మాత్రం సూపర్‌గా ఉండాది."

ఆ పొగడ్త చెప్పుదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

ఇంటికొచ్చి సుకుమార్ స్ప్రేగన్ తీయలేదు. నూటఇరవై నంబరు మొరటు ఎమెరీ కాగితం తీశాడు. అద్దంలాంటి నలుపు మీద పెట్టి గీకాడు. నలుపు కింద బూడిదరంగు ప్రైమర్, దాని కింద ఎరుపు. పుట్టీ రాలి పగులు నోరు తెరిచింది. పచ్చ మాత్రం రాలేదు. ఎంత రుద్దినా రాదు.

"ఏంది నాయనా, ఆ గీకుడు?" మంచం మీదినుంచి అడిగాడు కుప్పయ్య.

"నా పని నేనే చెరుపుకుంటా ఉండాను మామా."

ఇంటి ముందు కరెంటు స్తంభానికి కోమలి తీగ కట్టింది. సుకుమార్ డూమ్‌ను వీధివైపు తిప్పి వేలాడదీశాడు. పోయేవాళ్ళు ఆగారు. "ఎవురిదప్పా ఇది?" అడిగింది ఎదురింటి పంకజాక్షి.

"మా మామను గుద్దినోడిది. సాయంత్రం వస్తాడు, నిలబడి సూడండి."

స్తంభం కింద స్టూలు వేసుకుని కూర్చున్నాడు. చేతులు ఇంకా నల్లగానే ఉన్నాయి. వాటిని కడుక్కోలేదు.