మామను పులికాట్‌కు పిలుచుకొని పోయిన రోజు

ఇంకా తెల్లవారలేదు. బస్సు హోసూరు పొలిమేర దాటకముందే భువన మొదలుపెట్టింది.

"మామా, తల తిరుగుతా ఉందా?"

"లేదమ్మా," అన్నాడు లింగప్ప.

సూళగిరి దగ్గర మళ్ళీ అడిగింది. కృష్ణగిరి వచ్చేసరికి ఆయన కళ్ళు మూసుకొని ఉన్నాడు. నిద్రో, మరేదో తెలియక భువన ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి వెచ్చగా తగిలింది. లింగప్ప కళ్ళు తెరిచి కోడలి వేలి వంక కాసేపు చూసి, కిటికీ వైపు తిరిగాడు. భువనకు సిగ్గేసింది గానీ భయం మాత్రం తగ్గలేదు.

ఆ భయానికి కారణం లేకపోలేదు. దీపావళి అయిన కొన్నాళ్ళకు, హోసూరు పక్కనున్న బాగలూరులో తన రోజా తోటకు నీళ్ళు కడుతూ కడుతూ లింగప్ప కాలవలో పడిపోయాడు. రక్తపోటు అన్నాడు డాక్టరు. కొన్నాళ్ళు ఎండలో తిరగవద్దన్నాడు. కొన్నాళ్ళు అన్నది డాక్టరు మాట. ఇంట్లోకి వచ్చేసరికి అది ఎప్పటికీ అయి కూర్చుంది. ఆయన భార్య మునిలక్ష్మమ్మ పార తీసి అటక మీద పెట్టించింది. మంచం వసారాలోకి వచ్చింది. పెద్దాయన పెరట్లోకి పోయినా వెనకాల ఎవరో ఒకరు చెంబు పట్టుకొని బయలుదేరేవారు. పుట్టినప్పటినుంచీ మట్టిలో తిరిగిన మనిషి, వసారాలో కూర్చొని దారిన పోయే మోపెడ్లను చూస్తూ దినాలు గడిపాడు. ఎవరి మీదా కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని భువనకు ఒకోసారి అనిపించేది.

అందుకే తీసుకొచ్చింది. హోసూరులో మోటారు సామాన్లు చేసే ఫ్యాక్టరీలో స్టోర్సు గుమాస్తా ఆమె. ఏటా జనవరిలో ఫ్యాక్టరీ వాళ్ళు కుటుంబాలను ఏదో ఒక ఊరు తిప్పుకొస్తారు. తిరుపతి అయింది, మైసూరు అయింది, హొగెనేకల్ కూడా అయింది. ఈసారి చక్రి పట్టుబట్టి పులికాట్ సరస్సు అన్నాడు. చక్రిది సూళ్ళూరుపేట, క్వాలిటీ సెక్షనులో పని, పక్షుల పిచ్చి. దారి పొడుగునా మైకు పట్టుకొని చెప్పుకొచ్చే బాధ్యత కూడా అతడే నెత్తిన వేసుకున్నాడు. భువన మొగుడు తిలక్‌కు వేరే కంపెనీలో సెలవు దొరకలేదు. ఆ ఖాళీ సీటు మామగారికి ఇస్తానంటే అత్తగారు ఇంతెత్తున లేచింది. చివరికి, "నీ మాట మీద పంపిస్తా ఉండాను. తీసుకుపోయిన మనిషిని తీసుకుపోయినట్లే తెచ్చి అప్పగించల్ల. ఏమన్నా అయ్యిందో, నీ మొగం నాకు చూపించొద్దు," అని ఒప్పుకుంది.

ఇంకేం, ఆ క్షణం నుంచి భువన ప్రాణం గుప్పిట్లో పెట్టుకుంది. వెనక సీట్లో కాంతమ్మ ఉంది. కడప నుంచి వచ్చి అదే ఫ్యాక్టరీలో వెల్డింగు చేసే ఓబయ్య భార్య; ఆమె నోట పడిన సంగతి సాయంత్రానికి హోసూరు అంతా తిరిగి వస్తుంది. ఆమె మురుకులు ఇస్తే, "ఉప్పు ఎక్కువ, మామకు పడదు," అని భువనే వెనక్కి ఇచ్చేసింది. వాణియంబాడిలో టీ అంటే చక్కెర వద్దంది. కిటికీ తెరిస్తే గాలి ఎక్కువని మూసింది. లింగప్ప మూసిన అద్దంలోంచే పొలాలు చూస్తూ కూర్చున్నాడు. దారి మొత్తం మీద తనంతట తాను ఆయన అన్నది ఒక్కటే మాట.

"ఆ మడికి నీళ్ళు ఎక్కువ కట్టినారు. వేరు కుళ్ళిపోతుంది."

"మాత్ర వేసుకుందామా మామా?" అంది భువన.

ఎండ ఎక్కిన తర్వాత బస్సు సరస్సు దగ్గర ఆగింది. దిగగానే అందరికీ ఉప్పు వాసన, చేపల వాసన కలిసి కొట్టాయి. ఎదురుగా నీళ్ళు, నీళ్ళ మధ్యలో బురద దిబ్బలు, ఆ పైన ఎక్కడో సముద్రం ఘోష. చక్రి అందరినీ ఒకచోట నిలబెట్టి చెప్పాడు.

"ఇది మన చెరువు లాంటిది కాదు. సముద్రం ఇందులోకి వస్తా పోతా ఉంటది. ఇప్పుడు నీళ్ళు వెనక్కి తీసి ఉండాయి కాబట్టి దిబ్బలు కనబడతా ఉండాయి. మధ్యాహ్నానికి మళ్ళీ నీళ్ళు ఎక్కుతాయి. పడవలు కట్టిన గుంజలు దాటి ఎవురూ పోబాకండి."

విన్నవాళ్ళు విన్నారు. మిగతావాళ్ళు బైనాక్యులర్ ఎవరి చేతికి ముందు వస్తుందా అని తోసుకుంటున్నారు. భువన విన్నది గానీ, ఆ సమయానికి ఆమె మామగారి తలకు తువ్వాలు చుట్టే పనిలో ఉంది.

బైనాక్యులర్ లింగప్ప వంతు వచ్చింది. మొదట ఆయనకు ఏమీ కనబడలేదు. చక్రి ఆయన భుజం పట్టుకొని కొద్దిగా పక్కకు తిప్పాడు. అంతే, పెద్దాయన నోరు తెరుచుకొని ఉండిపోయాడు. దూరంగా దిబ్బకు అవతల, లోతులేని నీళ్ళలో, ఫ్లెమింగో కొంగలు బారులు తీరి నిలబడి ఉన్నాయి. కోసిన రోజాలను గోనెపట్టా మీద ఆరబోసినట్లు ఆ మేరంతా గులాబీ రంగు.

"అబ్బా," అన్నాడు. "ఇన్నా!"

ఆ గొంతు విని భువన తలెత్తి చూసింది. దీపావళి తర్వాత ఆయన గొంతులో ప్రాణం వినిపించడం అదే మొదలు.

"భువనా, ఆ దిబ్బ దాకా పోయి చూసి వస్తా," అన్నాడు.

భువన దిబ్బ వంక చూసింది. మధ్యలో పాదాలు మునిగేంత నీళ్ళు. ఆమె పుట్టింది పెరిగింది హోసూరు దగ్గరి కెలవరపల్లి ఆనకట్ట పక్కన. ఆనకట్ట నీళ్ళు తీసినప్పుడు ఆ మడుగుల్లో నడిచి, పుచ్చకాయ పాదులు పెట్టిన కుటుంబం. బెంగళూరు పక్క వాన కొడితేనే అక్కడ నీళ్ళు పెరుగుతాయి, అదీ చెప్పి చెప్పి వస్తాయి. ఆమె అలవాటు కొద్దీ ఆకాశం చూసింది. ఎక్కడా మబ్బు తునక లేదు. వాన లేనిదే నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి? చక్రి చెప్పిన మాట చెవిలో ఉంది గానీ ఒంటికి పట్టలేదు. మెట్ట మనుషులకు నీళ్ళంటే పైనుంచి రావలసిందే. పక్కనుంచి వచ్చే నీళ్ళను వాళ్ళు ఎన్నడూ చూసి ఎరగరు.

పైగా ఆయన మొహంలో ఆ వెలుగు.

"పోయి రాండి మామా. జారుతుంది, చూసి నడవండి," అంది.

లింగప్ప పంచె ఎగ్గట్టి, చెప్పులు గుంజ దగ్గర విడిచి, దిబ్బ వైపు నడిచాడు. పొద్దున్నుంచీ కొంగుకు కట్టుకొని తిరిగిన మనిషిని ఒక్కసారి వదిలేసరికి భువన ఒళ్ళు తేలికైంది. కాంతమ్మ పక్కన చాప మీద కూర్చొని పులిహోర పొట్లం విప్పింది. కాంతమ్మ ఎవరి కోడలో ఎవరితోనో మాట్లాడిన సంగతి ఎత్తుకుంది. భువన వింటూ తింది, నవ్వింది కూడా. రెండో పొట్లం మామగారికని పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుందామని లేచింది.

లేచి చూస్తే గుంజ దగ్గర మామగారి చెప్పులు లేవు. నీళ్ళలో తేలుతున్నాయి.

గుంజ మొదట్లో ఇందాక తడి మట్టి ఉన్నచోట ఇప్పుడు నీళ్ళు కదులుతున్నాయి. దిబ్బకూ ఒడ్డుకూ మధ్య ఉన్న పాయ వెడల్పయింది, రంగు మారింది, ఒక పక్కకు లాగుతూ ప్రవహిస్తోంది. దిబ్బ సన్నబడింది. దాని చివర్న, ఒడ్డుకు వీపు పెట్టి, లింగప్ప పక్షులను చూస్తూ నిలబడి ఉన్నాడు. ఆకాశం అలాగే ఉంది, తెల్లగా, మబ్బు లేకుండా.

"మామా!" అని అరిచింది. "మామా, వచ్చేయండి!"

సముద్రం మీదినుంచి గాలి ఎదురు కొడుతోంది. ఆయన కదల్లేదు. చక్రి పరుగెత్తుకొచ్చి చూసి, తల పట్టుకొని, పడవవాణ్ణి కేకేశాడు. పడవ ఎక్కడో అవతల ఉంది, తిరిగి రావాలి. "ఎడం పక్క మెరక ఉండాది, ఆయన ఇప్పుడే ఆ పక్కకు నడిస్తే నడుములోతుతో బయటపడతాడు. ముందు ఇటు తిరగాల!" అన్నాడు. బస్సు వాళ్ళంతా ఒడ్డుకు చేరారు. తలా ఒక కేక పెట్టారు. మామా అన్నారు, పెద్దాయనా అన్నారు, తాతా అన్నారు. ఎవరూ పేరు పెట్టి పిలవలేదు, ఎందుకంటే ఆయన పేరు వాళ్ళెవరికీ తెలియదు. తెలిసినది ఒక్క భువనకే.

ఆమె నోటికి ఆ పేరు ఎన్నడూ రాలేదు. కోడలు మామ పేరు ఎత్తకూడదు. రేషన్ కార్డు వాళ్ళు అడిగినా పక్కింటివాళ్ళ చేత చెప్పించింది. గుళ్ళో అర్చనకు కూడా తిలక్ చేతనే చెప్పించేది. ఇప్పుడు ఆమె నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళ దాకా తడిసింది. పాదం కింద బురద జారిపోతోంది. ప్రాణం పోయేటంత భయం వేసింది, ఆ భయంలోనే ఆ పేరు ఊడి బయటికి వచ్చింది.

"లింగప్పా! ఓ లింగప్పా!"

పొలం గట్టు మీదినుంచి పిలిచే కేక అది. ఒడ్డున ఉన్నవాళ్ళు ఉలిక్కిపడి ఆమె వంక చూశారు.

దిబ్బ మీద మనిషి తిరిగాడు.

చక్రి రెండు చేతులూ ఊపి ఎడమ వైపు చూపించాడు. లింగప్ప కాసేపు అలాగే నిలబడి, తర్వాత నీళ్ళలోకి దిగాడు. నీళ్ళు తొడల దాకా, నడుము దాకా వచ్చాయి. ఒకచోట తూలాడు. భువన కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి, అప్పుడే వచ్చి చేరిన పడవ గెడ ఆయన చేతికి అందింది, పడవవాడు జబ్బ పట్టుకొని లాగాడు.

తిరుగు ప్రయాణంలో బస్సంతా అదే మాట. భయం తీరిన జనానికి నవ్వు ఎక్కువ వస్తుంది. "ఏందమ్మా భువనా, మామను నీ ఈడు పిల్లోణ్ణి పిలిచినట్లు పిలిస్తివే! మీ అత్త వింటే చీపురు తిరగేస్తుంది," అంది కాంతమ్మ. భువనకు తెలుసు, ఆ మాట తనకంటే ముందు బాగలూరు చేరుతుంది. చెంపలు మండాయి. పక్కన లింగప్ప చక్రి ఇచ్చిన లుంగీ కట్టుకొని కూర్చున్నాడు. తల తిరుగుతోందా అని అడగడానికి ఆమెకు నోరు రాలేదు.

వేలూరు దాటి చీకటి పడ్డాక ఆయనే మాట్లాడాడు, చిన్న గొంతుతో.

"నువ్వు మామా అని పిలిచింది వినబడిందమ్మా."

భువన తిరిగి చూసింది.

"వినబడితే తిరగలేదేమి మామా?"

"పొద్దున్నుంచి పిలుస్తానే ఉండావు కదా."

ఎదురుగా వచ్చే లారీల వెలుతురు ఆయన మొహం మీద పడి పోతోంది.

"నీళ్ళు వచ్చేది కూడా చూసినాను. కాలికి చల్లగా తగిలె. పిక్కలకు ఎక్కె. చూసుకొనే నిలబడినాను. పక్షులు బాగుండె. ఇంటికి పోతే మళ్ళా ఆ మంచమే కదా అనుకొంటి."

భువన ఆయన చెయ్యి పట్టుకోబోయి, ఆగిపోయింది.

"పేరు వినబడేసరికి మాయమ్మ పిలిచినట్లాయ. ఆయమ్మ పోయినాక అట్ల అరిచినోళ్ళు ఎవురూ లేరు. అందుకే తిరిగినాను," అన్నాడు లింగప్ప. "ఇంట్లో చెప్పొద్దు. మీ అత్త తట్టుకోలేదు."

అంతా విన్నాక భువన చేసింది ఒకటే. వంగి, ఆయన పక్క కిటికీ అద్దం తోసి తెరిచింది. చలిగాలి ఇద్దరి మొహాలకూ కొట్టింది. ఏ మబ్బూ లేని ఆకాశాన్ని నమ్మి ఆయన్ను వదిలినందుకు తనను తాను మధ్యాహ్నం నుంచీ తిట్టుకుంటూ వచ్చింది. ఇప్పుడు తెలిసింది, ఆయన మునగడం ఆ దిబ్బ మీద మొదలు కాలేదు. ఆ సంగతి ఆమెకు ధైర్యం ఇవ్వలేదు, ఇంకా భయపెట్టింది.

కృష్ణగిరిలో భోజనాలకు బస్సు ఆపారు. అక్కడినుంచి ఫోను చెయ్యాలని అత్తగారి ఆజ్ఞ. హోటలు పక్కన ఎస్టీడీ బూతు ఉంది. భువన లోపలికి పోయి నంబరు తిప్పింది. మొదటి మోతకే అవతల ఎత్తారు.

"మీ మామ బాగుండాడా? మాత్ర వేసినావా? గాలి తగల్లేదు కదా?" మునిలక్ష్మమ్మ గొంతు వణుకుతోంది. పాపం, పొద్దున్నుంచీ ఫోను పక్కనే కూర్చున్నట్లుంది.

"బాగుండారు అత్తా."

చెప్పవలసింది ఇంకా ఉంది. అద్దంలోంచి బయటికి చూసింది. లింగప్ప రోడ్డు పక్కన ఒంటరిగా నిలబడి ఉన్నాడు, వదులైన లుంగీ ఒక చేత్తో పట్టుకొని. ఇప్పుడు ఆ లారీల మధ్య తూలితే? రేపు గట్టు మీద కాలు జారితే? ఏది జరిగినా బతికినన్నాళ్ళూ తన మీదే ఉంటుంది.

"అత్తా, రేపట్నుంచి మామ తోటకు పోతారు. పార కిందికి దించండి."

"ఏం మాట్లాడతా ఉండావే నువ్వు? బుద్ధి ఉండే మాట్లాడతా ఉండావా? మళ్ళా పడిపోతే?"

"పడితే తోటలోనే పడనీండి అత్తా," అంది భువన.

చాలాసేపటికి మునిలక్ష్మమ్మ ముక్కు చీదిన చప్పుడు వినబడింది. భువన ఫోను పెట్టెయ్యలేదు. తనూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, అత్తగారు ఏదో ఒకటి అనేదాకా అలాగే నిలబడింది.