ఆగి ఉన్న బండి

మొదటిసారి కస్తూరి మర్యాదగానే అడిగింది.

అక్టోబరు నెల. డార్విన్‌లో వానలకు ముందు వచ్చే ఉక్కపోత రోజులు. మధ్యాహ్నం రెండు కాకముందే బడి ముందు కార్లు బారులు తీరేవి. అందరికంటే ముందు వచ్చి ఒకటో తరగతి గది కంచెకు ఆనుకుని ఆగేది బాలశౌరి పెద్ద డీజిల్ బండి. మనవరాలు స్పందనను తీసుకెళ్ళడానికి వచ్చేవాడాయన. బడి వదిలేదాకా ఇంజిన్ ఆపేవాడు కాదు. అద్దాలు మూసుకుని, ఏసీ పెట్టుకుని ఫోను చూస్తూ కూర్చునేవాడు. పొగగొట్టం సరిగ్గా తరగతి కిటికీల వైపు ఉండేది.

కస్తూరి కూతురు ఎవా ఆ కిటికీ పక్కనే కూర్చుంటుంది. ఆ పిల్లకు ఉబ్బసం. కస్తూరి ఆసుపత్రిలో నర్సు, ఊపిరాడని పిల్లల్ని రోజూ చూసే మనిషి.

బాలశౌరి పరాయివాడేం కాదు. ఇద్దరిదీ బాపట్ల వైపే. ఆదివారాలు అందరూ ఆరాధనకు కలిసే తెలుగు సంఘానికి ఆయనే పెద్ద. ఆ చనువుతోనే ఆమె వెళ్ళి అద్దం తట్టింది. ఆయన రెండు వేళ్ళ మందం దించాడు.

"అంకుల్, కొంచెం ఇంజిన్ ఆపుతారా? పొగంతా క్లాస్‌రూమ్‌లోకి పోతోంది. మా ఎవాకి ఆస్తమా కదా."

"ఈ ఎండలో ఏసీ లేకుండా ఉడికిపొమ్మంటావా? ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఇంకా ఎక్కువ డీజిల్ తాగుద్ది. బండ్ల గురించి నీకేం తెలుసమ్మాయ్!" అన్నాడు. చుట్టూ చూసి గొంతు పెంచాడు. "రోడ్డు నువ్వేమన్నా కొనుక్కున్నావా?"

పక్క కార్లలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. అద్దం పైకి లేచింది.

పదకొండు రోజుల తర్వాత బడి నుంచి కస్తూరికి ఫోనొచ్చింది. ఆమె వెళ్ళేసరికి ఎవా ఆఫీసు గదిలో ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి కూర్చుని ఉంది. పెదవులు పాలిపోయాయి. "మమ్" అని ఆగింది. ఇంకో ఊపిరి తీసుకుని "ఐ కాన్ట్" అంది. ఆ తర్వాత మాట రాలేదు.

మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. తను పనిచేసే వార్డులోనే, తను రోజూ ఇతరుల పిల్లలకు తొడిగే మాస్కే కూతురి ముఖానికి తొడిగింది కస్తూరి. ఫలానా దాని వల్లే వచ్చిందని చెప్పలేమన్నాడు డాక్టరు. తేమ కావచ్చు, గడ్డి పుప్పొడి కావచ్చు, పొగ కావచ్చు, అన్నీ కలిసీ కావచ్చు. కస్తూరి మాత్రం తేల్చేసుకుంది.

ఆమె భర్త డేనీ మెకానిక్. "పది సెకన్లకు మించి ఆగేదుంటే ఇంజిన్ ఆపడమే మేలు. ఎక్కువ తాగుద్దన్నది పాతకాలం మాట" అన్నాడు. "నేను మాట్లాడతాలే. పాప సంగతి తెలిస్తే ఆయనే ఆపేస్తాడు."

"తెలియకూడదు."

"అదేంటి?"

"తెలిస్తే పళ్ళు పట్టుకుని వస్తాడు. అందరి ముందూ పాప తల మీద చెయ్యి పెట్టి ప్రేయర్ చేస్తాడు. మంచోడైపోతాడు. నాకది వద్దు, డేనీ. నన్ను నవ్వులపాలు చేసినట్టే ఆయన్నీ చెయ్యాలి."

పాపకు జ్వరమని సంఘంలో చెప్పించింది.

గాలిలో సన్నటి మసిని కొలిచే చిన్న పరికరం ఒకటి తెప్పించుకుంది. డ్యూటీలు మార్చుకుని పది రోజులు మధ్యాహ్నాలు బడి దగ్గరే గడిపింది. తన కారు ఇంజిన్ ఆపి, చెమటతో ఒళ్ళు తడిసిపోతున్నా కదలకుండా కూర్చునేది. బాలశౌరి బండి రాకముందు పరికరం ఎనిమిదో తొమ్మిదో చూపించేది. వచ్చిన పావుగంటకు కంచె దగ్గర యాభై దాటేది. అంకె పెరిగిన కొద్దీ ఆమెకు ఒక రకమైన సంతోషం కలిగేది. తగ్గిన రోజున నిరాశపడేది. అది తప్పని ఆమెకు తెలుసు. అయినా ఫొటోలు తీస్తూనే ఉంది.

తర్వాత పళ్ళెంలో స్వీట్లు పెట్టుకుని బాలశౌరి ఇంటికే వెళ్ళింది.

"అంకుల్, బండ్ల పొగ గురించి పేరెంట్స్‌కి అవేర్‌నెస్ ప్రోగ్రామ్ ఒకటి పెడదామనుకుంటున్నాం. స్కూల్ ప్రిన్సిపల్ కూడా వస్తారు. మీరే పెద్దగా ఉండి నాలుగు మాటలు చెప్పాలి."

బాలశౌరి మొహం వెలిగిపోయింది. "ఆ రోజేదో అన్నాను, మనసులో పెట్టుకోకమ్మా. తప్పకుండా వస్తా" అన్నాడు.

"పెట్టుకోలేదంకుల్" అంది కస్తూరి.

నవంబరు చివరి ఆదివారం, ఆరాధన అయ్యాక అదే హాల్లో బడి పిల్లల తల్లిదండ్రులతో కలిపి అరవై మంది దాకా కూర్చున్నారు. ముందు వరసలో చాప మీద పిల్లలు. బాలశౌరి తెల్ల చొక్కా వేసుకుని వచ్చి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. "పిల్లలు దేవుడిచ్చిన బహుమానం. వాళ్ళు పీల్చే గాలిని పాడుచేసేవాడు దేవుడికి లెక్క చెప్పుకోవాలి" అన్నాడు. చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కస్తూరే కొట్టింది.

తర్వాత ఆమె తెర మీద ఫొటోలు వేసింది. బండి నంబరు కనబడకుండా చెరిపేసింది. వెనక అద్దం మీదున్న "యేసే నా కాపరి" స్టిక్కరు మాత్రం చెరపలేదు.

"ఇది మన పిల్లల క్లాస్‌రూమ్ పక్కన. సోమవారం ముప్పై ఏడు నిమిషాలు ఇంజిన్ ఆపలేదు. మంగళవారం నలభై ఒకటి..."

చాప మీద నుంచి స్పందన సంతోషంగా లేచి నిలబడింది. "దట్స్ మై తాతాస్ కార్! తాతా, లుక్!"

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా నవ్వింది. అరవై తలలు ఒక్కసారిగా బాలశౌరి వైపు తిరిగాయి. ఆయన చెవుల దాకా ఎర్రబడి, చేతిలో నీళ్ళ సీసా మూత తిప్పుతూ ఉండిపోయాడు. ఎండాకాలం చల్లటి నీళ్ళు గొంతులో దిగినట్టుంది కస్తూరికి. తొందరపడకుండా మిగిలిన ఎనిమిది రోజులూ చదివింది.

కార్ పార్కులో ఆయన ఆమె దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇంటికొచ్చి స్వీట్లిచ్చి మరీ పిలిచావు. అంత పగేంటమ్మా నా మీద?"

"మీరు నన్ను నవ్వులపాలు చేసిన పదకొండు రోజులకి మా ఎవాని హాస్పిటల్‌లో పెట్టారు. మూడు రోజులు."

"జ్వరమన్నారే! నాకెవరూ చెప్పలేదు."

"నేనే చెప్పనివ్వలేదు."

"చెప్పుంటే ఆ రోజే ఆపేసేవాణ్ణి కదమ్మా."

"అడిగాను కదా అంకుల్. ఆస్తమా అని కూడా చెప్పాను. పిల్ల హాస్పిటల్ పాలైతేనే ఆపుతారా?"

బాలశౌరి తల వంచుకుని బండి వైపు వెళ్ళిపోయాడు.

సోమవారం బడి ముందు ఒక్క ఇంజిన్ కూడా మోగలేదు. ఆ రోజు నవ్వినవాళ్ళు సైతం అద్దాలు దించుకుని అట్టముక్కలతో విసురుకుంటున్నారు. ఇక్కడ ఇంజిన్ ఆపాలని ప్రిన్సిపల్ కంచెకు బోర్డు పెట్టించింది. బాలశౌరి బండిని వీధి చివర వదిలి గొడుగేసుకుని నడిచి వచ్చాడు. సంఘ పెద్దగా ఉండనని ఆ వారమే చెప్పేశాడు. కస్తూరి కోరుకున్నవన్నీ జరిగాయి.

గురువారం కారెక్కగానే ఎవా బ్యాగు కింద పడేసింది.

"ఎవ్రీవన్ కాల్స్ స్పందన 'స్మోకీ' నౌ. షి వోన్ట్ సిట్ విత్ మి. యూ మేడ్ హర్ క్రై, మమ్."

"నేను ఆ పిల్లనేమీ అనలేదే."

"యూ పుట్ ఇట్ ఆన్ ద స్క్రీన్!"

కస్తూరి తాళం తిప్పబోయి ఆగిపోయింది. స్టిక్కరు చెరపకుండా ఉంచినప్పుడు బాలశౌరి మొహాన్నే ఊహించుకుంది. చాప మీద కూర్చునే పిల్ల ఆమె ఆలోచనలోకే రాలేదు. పిల్లల కోసమే ఇదంతా అని తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకుందో!

మర్నాడు తొలివాన పడింది. బడి వదిలాక వరండాలో స్పందన ఒక్కతే నిలబడి ఉంది. కస్తూరి వెళ్ళి తడి గచ్చు మీద మోకాళ్ళు ఆనించి కూర్చుంది.

"నేను నీకు సారీ చెప్పాలి, స్పందనా. ఆ ఫొటో అందరి ముందూ చూపించకుండా ఉండాల్సింది. దానివల్ల నిన్ను ఏడిపిస్తున్నారు. తప్పు నాది. సోమవారం మీ టీచర్‌తో నేనే మాట్లాడతాను."

స్పందన ఆమె వైపు చూడలేదు. "మై తాతా ఈజ్ నాట్ బ్యాడ్" అంది.

కస్తూరి వెంటనే ఒప్పుకోలేకపోయింది. అవతల గేటు దగ్గర గొడుగు కింద బాలశౌరి నిలబడి ఇటే చూస్తున్నాడు. ఆయన పలకరించలేదు, ఆమె లేవలేదు. ఆయనకు సారీ చెప్పాలని ఆమెకు అప్పుడూ అనిపించలేదు.

"నీకు మంచి తాతే" అంది చివరికి.

స్పందన బ్యాగు తల మీద పెట్టుకుని వానలోకి పరుగెత్తింది.