కార్డు వలన గలిగిన సింధుదర్శనము

కార్తికమాసపు తొలిదినములవి. వర్షర్తువంతయు మొగము చాటుచేసి రైతుల నేడిపించి కడపట జాలిగొని వచ్చినట్లు కురిసి వెడలిపోయిన మేఘముల చలువ యింకను నేలను వీడకుండెను. అనంతపురము చుట్టునున్న యెఱ్ఱమట్టి చేలలో పెఱికి కుప్పవేసిన వేరుశనగ చెట్ల పచ్చివాసన సాయంకాలపు గాలితో గలసి పట్టణవీథులలోనికి ప్రవహించుచుండెను. బోడికొండల వెనుకకు దిగుచున్న దివాకరుడు గడియారస్తంభపు శిఖరమునకు కుంకుమకాంతి యలది అంగళ్ల యద్దములయందు క్షణకాలము మెఱసి యంతర్హితు డయ్యెను.

ఆ గడియారస్తంభమునకు అనతిదూరమున బోరుబావులకు వలయు మోటార్లును పంపులును తీగెలును విక్రయించు అంగడి యొకటి గలదు. దాని యజమానుడగు చెన్నకేశవులు ఏబదియేండ్ల ప్రాయము దాటినవాడు సత్యసంధుడు రైతులకు బంధుతుల్యుడు. ఇన్ని సుగుణములుగల యా వర్తకునకు ఒక్క బలహీనత యుండెను. బాల్యమిత్రుడును సిమెంటు వ్యాపారియునగు రామలింగప్ప దేనిని సంపాదించినను దానికంటె నొక మెట్టు మిన్నయైనది తనకు లభించువఱకు నాతని మనస్సు కుదుటబడెడిది కాదు. ఆ రామలింగప్ప యిటీవల సింగపూరునకు పోయివచ్చి నల్లని లోహపు క్రెడిట్ కార్డు నొకదానిని బల్లపై ఠంగుమని మ్రోయునట్లు పడవైచి దాని మహిమచే విమానాశ్రయములయందు మెత్తని యాసనములపై నుచితభోజనము చేసిన వృత్తాంతమును కార్డుతో వ్యయించిన ధనమునకు పాయింట్లు పోగుపడి యవియే ప్రయాణములై ఫలించు విధమును అభివర్ణించినది మొదలు చెన్నకేశవులకు అన్నము సహింపదాయెను.

అందుచేత నాతడు ఇంటిలో నెవ్వరితోడను ఆలోచింపక ఒక బ్యాంకు ప్రతినిధిని యింటికి రమ్మని కబురుచేసెను. మృదుభాషియగు నా ప్రతినిధి నిగనిగలాడు చిత్రపత్రములను బల్లపై పఱచి అత్యున్నతశ్రేణి కార్డుయొక్క వైభవములను కీర్తించుచుండగా చెన్నకేశవుల భార్యయగు తిలోత్తమ కాఫీ తెచ్చియిచ్చి తానును ఎదుట కూర్చుండెను. ఆమె ప్రభుత్వోన్నత పాఠశాలయందు సాంఘికశాస్త్రము బోధించునది. భూగోళపాఠము వచ్చిన దినమున ఆమె కంఠమున నొక విశేషోత్సాహము ధ్వనించునని విద్యార్థులెల్లరు నెఱుగుదురు కాని ఆ సంగతి యామె భర్త యెఱుగడు.

ఆమె కొంతతడవు విని భర్తవంకకు తిరిగి “ఎక్కడికి పోవాలని ఈ కార్డు తీసుకుంటా ఉండారు?” అని యడిగెను.

“యాడికైనా పోవచ్చు. ప్రపంచమంతా తిరగొచ్చు” అని చెన్నకేశవులు గంభీరముగా బదులిచ్చెను.

“యాడికైనా అంటే ఇంకా అనుకోలేదనే కదా” అని యామె మందహాసముచేసి ప్రతినిధివంక జూచి “లేహ్‌కు పోవాలంటే ఈ పాయింట్లు పనికొస్తాయా బాబూ?” అనెను.

ప్రతినిధి తటపటాయించెను. కల్లలాడుట యాతని స్వభావము కాదు. “మేడమ్, నిజం చెప్పాలంటే ఈ కార్డు విదేశీ హోటళ్లకు బాగుంటుంది. మన దేశంలో విమానం టికెట్లకు వాడితే పాయింటు విలువ బాగా పడిపోతుంది. ఏటా కట్టే ఫీజు కూడా ఎక్కువే. మీకైతే చిన్న కార్డు ఒకటుంది. చూడ్డానికి మామూలుగా ఉంటుంది గానీ పాయింట్లను నేరుగా విమాన కంపెనీ ఖాతాలోకి మార్చుకోవచ్చు.”

“లేహా? ఆ చలిలో ఏముంది?” అని చెన్నకేశవులు విస్మయముతో నడిగెను.

“సింధునది ఉంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి బోర్డు మీద గీస్తానే ఉండాను. జంస్కార్ నది వచ్చి దాంట్లో కలిసేచోట రెండు నీళ్లు రెండు రంగుల్లో పక్కపక్కన పోతాయంట. పిల్లలకు చెప్పడమే గాని నేను చూసినానా?”

ఆమె కంఠమున నిష్ఠూరము లేదు. ఐనను పరాయివానియెదుట తన యజ్ఞానము బయల్పడినందులకు చెన్నకేశవుల మొగము జేవురించెను. ఆతడు ప్రతినిధితో మఱునాడు రమ్మని పొడిగా పలికి పంపివైచి ఆ రాత్రి భోజనము ముగించి పండుకొనెను. నల్లని కార్డు ఠంగుమను మ్రోత యొకవైపునను భార్య పలికిన నదీనామ మొకవైపునను చెవులయందు మాఱుమ్రోగ నాతనికి నిద్ర చక్కగా పట్టదాయెను.

మఱునాడు పూర్వాహ్ణమున కూడేరు ప్రాంతపు రైతొకడు అంగడికి వచ్చి “అన్నా, ఉండేవాటిల్లో పెద్ద మోటారు ఈయన్నా. మా పక్కచేను ఓబుళేసు పది హెచ్‌పీది బిగించినాడు” అనెను.

నిత్యాభ్యాసముచే చెన్నకేశవులు తల యెత్తకయే మందలించెను. “ఓబుళేసు సంగతి నీకెందుకప్పా? నీ బోరెంత లోతు? నీళ్లెంత పడినాయి? ఎన్నెకరాలకు పారాల? ఆయప్ప బోరుకు సరిపోయేది నీ బోరుకు దించితే పట్టుమని పదినాళ్లు గూడా ఆడదు. ముందు నీళ్లు యాడికి పోవల్లనో చూసుకోని గదా...”

అంతట నాతడు తల యెత్తెను. ఎందఱు రైతులకో తాను సూటిగా వేసిన ప్రశ్ననే గదా నిన్నటి సాయంకాలము తన యింటియందు తన భార్య తన్ను సౌమ్యముగా నడిగినది! ఇన్నేండ్ల కాపురమున అపరిచితుని నేలనుగూర్చి యడిగినంత యోపికతో తాను ఆమె కోర్కె నొక్కనాడైన అడిగి యెఱుగనను తలంపు ములుకువలె నాతని హృదయమున నాటుకొనెను.

“ఏమన్నా, మాట నిలిపేసినావు?” అని రైతు దిగులుపడెను.

“ఏం ల్యా. నీకు ఐదుది చాలు. మిగిలిన దుడ్డు పైపులకు పెట్టుకో” అని చెన్నకేశవులు నవ్వి రైతును పంపి ప్రతినిధికి తానే ఫోనుచేసి చిన్నకార్డునే తెమ్మనెను.

తిలోత్తమ ఆ కార్డునకు రెండు కట్టుబాట్లు విధించెను. అంగడికిని ఇంటికిని ఎట్లును కొనవలసినవానికే దాని నుపయోగింపవలెను. గడువునకు మునుపే బాకీ నంతయు తీర్చి వడ్డీకి ఎడమీయరాదు. మొదటిది పాటించుట చెన్నకేశవులకు మిక్కిలి కష్టమయ్యెను. పాయింట్ల రుచి మరగిన యాతడు ఒకనాడు ఒడలు పిసుకు కుర్చీ యొకదానిని బేరమాడి “దీనికి పాయింట్లు దండిగా వస్తాయి” అని ఉత్సాహమున ఇంటికి ఫోనుచేయగా ఆమె “పాయింట్ల కోసం కుర్చీ కొంటే ఆ కుర్చీలోనే కూర్చోని ఉండాల మనం, ప్రయాణం ఉండదు” అని నవ్వినది. ఆతడును నవ్వి బేరము విడిచి వచ్చెను. మోటార్ల కంపెనీలకు చెల్లింపవలసిన ధనమంతయు కార్డుమూలముననే చెల్లించుటవలన హేమంతశిశిరములు గడచునప్పటికి పాయింట్లు సమృద్ధిగా కూడెను.

అయినను విధి యొకింత పరిహాస మాడెను. వేసవిసెలవులకు టికెట్లు తీసికొనబోవు సమయమున విమానకంపెనీవారు రాకపోకలకు వలయు పాయింట్ల పరిమాణమును పెంచిరి. ఉన్నవి యిద్దఱు పోవుటకు మాత్రమే చాలును, తిరిగివచ్చుటకు చాలవు. చెన్నకేశవులు తానే యపరాధము చేసినవానివలె తలవంచుకొని “వచ్చేదానికి డబ్బు పెట్టి కొంటాలే” అనెను.

తిలోత్తమ యొక నిమిషమాలోచించెను. పిమ్మట నామె మొగము వికసించెను. “వద్దు. పోయేటప్పుడు గాల్లో పోదాం, వచ్చేటప్పుడు నేల మీద వద్దాం. రైల్లో అయితే నదులన్నీ దాటుకుంటా రావచ్చు.”

మోటార్ల గిరాకి ముమ్మరముగా నుండు వైశాఖమున అంగడిని తమ్మునికి ఒప్పగించి చెన్నకేశవులు ఆమెతో కూడ విమాన మెక్కెను. లేహ్ నగరమున ప్రాణవాయువు కొఱతచే తలనొప్పి పాలై రెండుదినములు కంబళి కప్పుకొని మూల్గినవాడు తేరుకొని ఆమెవెంట నదీసంగమమునకు పోయెను. తృణమైనను మొలవని ధూసరపర్వతముల నడుమ ఒకవంక పచ్చలహారమువలె సింధువును మఱొకవంక బురదచాయతో నుఱుకులిడు జంస్కారును వచ్చి పెనగొనుచుండెను. తిలోత్తమ యొడ్డున నిలిచి యా సంగమమునే చూచుచుండెను. గాలికి చెదరిన ముంగురులను సవరించుకొనుట గూడ మఱచెను. తుదకు “బోర్డు మీద నేను గీసే గీత సూటిగా ఉంటుంది. ఇది చూడండి, ఎట్ల అల్లుకుంటా ఉందో” అని పసిబిడ్డవలె భర్త భుజమును పట్టి యూపెను. చెన్నకేశవులు నదిని జూచినదానికంటె నామె మొగమును జూచినదే యధికము.

తిరుగుప్రయాణమున హిమశిఖరముల నుండి బస్సులలో మెలికలు తిరుగుచు శ్రీనగరము మీదుగా దిగి మైదానమున రైలెక్కిరి. చంబలు వచ్చెను, నర్మద వచ్చెను, తపతి వచ్చెను. వంతెన వచ్చిన ప్రతిమాఱు తిలోత్తమ కిటికీచెంతకు జరిగి యా నది యెందు పుట్టి యెందు కలియునో చెప్పుచుండ నాతడు శ్రద్ధాళువగు శిష్యునివలె వినుచుండెను. పాతాళము నుండి నీటిని పైకి తోడు యంత్రములను విక్రయించుటయే యెఱిగిన యాతనికి నేలపై నిన్ని నీళ్లు ఎవ్వరి ప్రేరణయు లేక పాఱుచుండుట యాశ్చర్యముగా తోచెను.

మఱుసటి యుషఃకాలమున రైలు మఱల నొక వంతెనపై ధ్వనించెను. తిలోత్తమ అలసి భర్త భుజముపై తలవాల్చి గాఢముగా నిద్రించుచుండెను. లేపుటకు మనసొప్పక చెన్నకేశవులు కిటికీవంకకు మెల్లగా తిరిగి చూచెను. ఇసుకతిన్నెల నడుమ సన్నని పాయలై వెండివలె మెఱయుచున్న యా జలమును గుఱుతించి ఆతడు ఎవ్వరికిని వినబడనంత మెల్లగా “తుంగభద్ర” అని పలికెను.