తాగని బీరు

అన్ని రోగాలకు దవాఖానున్నది గని కడుపుమంటకు లేదు. నమ్మకుంటే అబిడ్స్‌ల పత్రికాఫీసుకు పోయి జితేందర్‌ను చూడుండ్రి. ఏండ్ల సంది బీర్ల మీద రాస్తున్నడు. ఏది బాగుందో ఆయన చెప్తేనే జనం నమ్మేటోళ్లు. గప్పుడొచ్చింది రశ్మి, నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల! ఆమెకు గూడ బీర్ల మీదనే ఒక కాలమ్ ఇచ్చిన్రు.

పోయిన వారం ఆమె ఏం రాసిందనుకున్నరు? జలుబైంది, నాలుకకు రుచి తెలుస్తలేదు, ఈ వారం ఏ బీరు గురించీ రాయను అని. గంతే! దానికి పాఠకుల మెసేజులే మెసేజులు, నిజాయితీ అంటే గిదీ అని. జితేందర్ లోపల కుతకుత ఉడికిండు. రాసినోన్ని అడిగినోడు లేడు గని, రాయనామెకు దండలేసుడేంది!

మీదికెల్లి ఎడిటర్ వామన్‌రావు, పేజీలు తగ్గినయి, బీరు కాలమ్ ఇగ ఒక్కటే ఉంటది, ఎవరిదో శుక్రవారం చెప్తా అన్నడు. జితేందర్ ఆగుతడా? నాంపల్లిల కొత్తగ ఒక పబ్ తెరిచిన్రు, బీరు వాళ్లే తయారుచేస్తరట. పబ్బోళ్లు తమ బీరు గురించి పంపిన కాయితం ముందలేసుకొని, మొదటి గుక్కకే మామిడి వాసన, చివరికి సన్నని చేదు అని రశ్మి కన్న ముందు రాసిపారేసిండు.

గని మనిషి అయ్యప్ప మాలల ఉన్నడాయె! నల్లబట్టలు, మెడల మాల, చెప్పుల్లేని కాళ్లు. భార్య శశికళ గూడ ఆయనను స్వామీ అనే పిలుస్తది. తెల్లారకముందే లేచి తానం చేసి మడితోటి వండుతది. బయటి తిండి ముట్టొద్దని మధ్యాహ్నం డబ్బా ఆఫీసుకు తనే తెస్తది. కుళ్లుతోటి రాసుకుంట మాల సంగతే మర్చిండు మహానుభావుడు.

శుక్రవారం వామన్‌రావు ఇద్దర్నీ పిలిచిండు.

"జితేందర్, ఒకాయన ఫోన్ చేసిండు. మీవోడు మాలల తిరుగుతుండు, మరి ఆ బీరు ఎవరు తాగిన్రని అడిగిండు. తాగినవా, తాగకనే రాసినవా? తాగకుంటే కాలమ్ రశ్మిది."

పక్కనున్న రశ్మి జర జాలిగ చూసింది. గా జాలికే జితేందర్‌కు ఒళ్లు భగ్గుమన్నది.

"తాగిన సార్," అన్నడు.

తలుపుకాడ డబ్బా పట్టుకొని శశికళ నిలబడి ఉన్నది. అంతా ఇన్నది.

"ఔనా స్వామీ?" అని మెల్లగ అడిగింది.

లేదు అంటే అయిపోతుండె. భార్య కండ్లల్లకు చూసిండు, మళ్ల రశ్మి దిక్కు చూసిండు.

"ఔ," అన్నడు.

శశికళకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "గుడికి పోయి మాల తీసేసినంకనే ఇంటికి రా. ఇయ్యాల ఏ హోటల్లనన్న తినయ్యా," అన్నది. స్వామీ అనలే. డబ్బా ఎన్కకు పట్టుకపోయింది.

కాలమ్ నీదే అన్నడు వామన్‌రావు. రశ్మి లేచి కంగ్రాట్స్ చెప్పింది. బీరు చుక్క ముట్టని జితేందర్, తాగినోడనిపించుకొని, ఆకలితోటి గాడనే కూసున్నడు.